మిల్లు షెడ్డులో కుట్టుమిషన్లు

తెనాలి బజారులో మాది చీరల దుకాణం. ఒకప్పుడు పెళ్లిళ్ల రోజుల్లో రేపల్లె నుంచి, బాపట్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే రైలు దిగి వచ్చేవి. తర్వాతర్వాత వాళ్లంతా విజయవాడ షోరూముల బాట పట్టారు. మధ్యాహ్నం పూట కౌంటరు మీద మోచేయి ఆనించి వీధిని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది.

మా అరుగు మీద చీరలకు ఫాల్స్ కుట్టే సాయిబుగారొకాయన ఉంటారు. ఆయన కొడుకు విజయవాడలో మెకానిక్కు, ఆదివారాలు వచ్చి వెళ్తాడు. కోడలు రోజూ పొద్దున్నే రైలెక్కి గుంటూరు వెళ్లి బట్టల కంపెనీలో కుట్టుపని చేసేది. నడక నేర్చిన పసిపిల్లను మామగారికి అప్పగించి వెళ్లేది. పిల్ల రోడ్డు మీదికి పోకుండా ఆయన దాని నడుముకు చీర పేలిక కట్టి, రెండో కొస మిషను కాలికి ముడివేసేవారు.

ఒకరోజు మా ఆవిడ అది చూసి, ముడి విప్పి, పిల్లను ఎత్తుకుని మేడ మీది మా ఇంటికి తీసుకుపోయింది.

"మీకెందుకమ్మా శ్రమ?" అన్నారు సాయిబుగారు.

"శ్రమేంటండీ, నాకు మాట్లాడ్డానికి ఒక మనిషి దొరికింది," అంది.

అప్పట్నుంచి ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. ఒక సాయంత్రం తల్లి పెందలాడే వచ్చి చేతులు చాచితే, అది వెనక్కి తిరిగి మా ఆవిడ కొంగులో తలదాచుకుంది. ఆ అమ్మాయి నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆమె మొహం చాలా రోజులు నా కళ్లలోనే ఉండిపోయింది.

చిన్న ఊళ్లలో కుట్టు యూనిట్లు పెట్టాలని ఒక కంపెనీ చూస్తోందని మా వర్తకుల సంఘంలో అనుకున్నప్పుడు, నేనే పూనుకుని వాళ్లను పిలిచాను. మూతబడిన మా రైస్ మిల్లు షెడ్డు ఎలాగూ ఖాళీగానే ఉంది. హైదరాబాద్ నుంచి వాళ్ల మేనేజరమ్మ వచ్చింది. ఆమెకు శాలువా కప్పాం, ఊరి గొప్పలు చెప్పాం. అన్నీ విని, "ఇక్కడ మనుషులు దొరుకుతారండీ, నాకు తెలుసు. కానీ నాలుగు నెలలు చేసి మానేస్తారు. అదే నా భయం," అంది.

కాఫీకి మా ఇంటికి తీసుకొచ్చాను. ఆదివారం కాబట్టి సాయిబుగారి కోడలు అక్కడే ఉంది, పిల్లకు అన్నం పెడుతోంది. గుంటూరులో కుట్టుపని చేస్తుందని నేను చెబితే, మేనేజరమ్మ పని ఎలా ఉందని పలకరించింది.

"పనంటే ఇష్టమేనండి మేడమ్," అంది ఆ అమ్మాయి, తల దించుకుని. "నేను బయల్దేరేటప్పుడు ఇది నిద్రలో ఉంటది. వచ్చేసరికి మళ్లీ నిద్రలోనే ఉంటది. ఈ నెల మానేద్దామనుకుంటున్నా."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ ఉన్నట్టుండి అంది: "మిల్లు ఆఫీసు గది ఖాళీగానే ఉందిగా. అక్కడ పనిచేసేవాళ్ల పిల్లల్ని నేను చూస్తాను."

పెళ్లయినప్పట్నుంచీ ఆమె ఉద్యోగం మాట ఎత్తగా నేను వినలేదు. నావైపు చూడకుండా, మేనేజరమ్మ వైపే చూస్తూ చెప్పింది.

మేనేజరమ్మ మాటివ్వకుండానే వెళ్లిపోయింది. అయినా మేము షెడ్డులో ఊక ఎత్తించాం, పావురాలను తోలాం, ఆడవాళ్లకు బాత్‌రూములు కట్టించాం. మా ఆవిడ, సాయిబుగారి కోడలు ఆదివారాలు రేపల్లె, బాపట్ల వెళ్లి కుట్టుపని వచ్చిన ఆడపిల్లల ఇళ్లకు తిరిగారు. "పంపిస్తాం గానీ అమ్మా, చీకటి పడకముందే రైలెక్కించాలి," అందట రేపల్లెలో ఒక తల్లి. ఆ మాట మా ఆవిడ ఫోన్లో మేనేజరమ్మకు చెప్పింది. చాలా వారాల తర్వాత, యూనిట్ పెడుతున్నామని ఆమె దగ్గర్నుంచి కబురొచ్చింది. పని వేళలు రైలును బట్టే పెట్టారు. సాయిబుగారి కోడలు గుంటూరు మానేసి ఇక్కడే చేరింది.

బజారు మునుపటిలా కళకళలాడుతోందని చెప్పను. మిల్లు ముందు ఒక టిఫిన్ బండి, ఒక పూలబుట్ట వచ్చాయి. సాయంత్రం రైలుకు వెళ్లే అమ్మాయిలు కొందరు మా దుకాణం మెట్లెక్కి చీరలు తిరగేసి పోతుంటారు. వాళ్ల కోసం రోజువారీ కట్టుకునే రకాలు తెప్పించాను.

యూనిట్ తెరిచిన మొదటి రోజు మధ్యాహ్నం, పిల్లల గదిలో ఉన్న మా ఆవిడకు క్యారేజీ తీసుకువెళ్లాను. తలుపు సగం తెరిచి, "ష్! పడుకుంటున్నారు. కాసేపు అక్కడ కూర్చోండి," అంది. బయట మెట్టు మీద క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. షెడ్డులోంచి మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి ఆమె చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుని, మూత తీసి, "పప్పులో ఉప్పు మరిచారు," అంటూ ఆవురావురుమని తింది.