జనుము నారలో అడ్డగీతలు

నిన్న రేపల్లె పాసింజరు కిటికీలోంచి నానుతున్న జనుము కంపు గుప్పుమంది. పెట్టెలో అందరూ ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం ఖైరున్నీసా మేడమ్ గుర్తొచ్చి మనసు నిండింది.

బాపట్లలో నా పరిశోధనకు ఆవిడే గైడు. ఇల్లు తెనాలి, రోజూ రైల్లో వచ్చేవారు. జనుము నారను జిగురులో పొదిగి, ప్లాస్టిక్‌కు బదులు వాడుకోగల పలకలు చేయడం నా పని. చేసిన పలక చేసినట్టే విరిగేది. జిగురు మార్చాను, వేడి మార్చాను. ఒక సాయంత్రం మా ఊరెళ్లే రేపల్లె బండి కోసం తెనాలి స్టేషన్లో ఇద్దరం కూర్చున్నప్పుడు చెప్పేశాను.

"మానేస్తానండి మేడమ్. బ్యాంకు పరీక్షలకు చదువుకుంటాను."

ఆవిడ వద్దనలేదు. సంచీలోంచి అరటిపండు తీసి సగం తుంచి ఇచ్చారు. "నీ ఇష్టం అమ్మా. ఎందుకు విరుగుతోందో తెలుసుకుని మానేద్దువుగాని. లేకపోతే నాకు నిద్ర పట్టదు."

మర్నాడు నార పోగును మైక్రోస్కోపు కింద పెట్టించారు. పోగు పొడవునా మెరిసే అడ్డగీతలు కనిపించాయి.

"ఇవేంటండీ?"

"పోగు మడతపడ్డ చోట్లు. లోపలి సన్నటి దారాలు అక్కడ పక్కకు తప్పుకున్నాయి. బరువు పడితే ముందు తెగేది అక్కడే."

"మొక్కలో ఉన్నప్పుడే వచ్చాయాండి?"

"వెళ్లి చూస్తే పోలా?"

అప్పుడే గాలివాన వెలిసింది. కర్లపాలెం దగ్గర ఒక చేలో, చీర ఎగదోపుకుని ఆవిడా నాతోపాటు బురదలో దిగారు. గాలికి వంగిన మొక్కలు కొన్ని, నిటారుగా నిలిచినవి కొన్ని కోసి, నానబెట్టి, చేత్తో ఒలిచాం. నిలిచిన వాటి నారలో గీతలు ఒకటీ అరా ఉన్నాయి. వంగిన వాటిలో ఇంకొన్ని. నార త్వరగా ఊడుతుందని మా ల్యాబులో రోలర్ల మధ్య నలిపిన కాడల నారలోనైతే లెక్కే లేదు. గాలి కంటే మేమే దాన్ని ఎక్కువ గాయపరిచాం.

ల్యాబులో అందరూ ఉండగానే మేడమ్ అన్నారు: "ఆ రోలర్లు పెట్టించింది నేను. నా తప్పుకి ఈ అమ్మాయి ఇన్నాళ్లూ తన్ను తాను తిట్టుకుంది."

అంత పెద్దావిడ అలా అనడం అంతకుముందు నేనెక్కడా వినలేదు. బ్యాంకు పరీక్షల మాట మళ్లీ ఎత్తలేదు. రోలర్లు మానేసి చేత్తో ఒలిచిన నారతో చేసిన పలక కూడా చివరికి విరిగింది. చాలా బరువు మోశాకే విరిగింది.

మేడమ్ ఇప్పుడు లేరు. నా దగ్గరా విద్యార్థులున్నారు. పని చెడితే వాళ్లు బెదురుగా తలుపు దగ్గరే నిలబడతారు. "లోపలికి రండమ్మా, ఇందులో నేను చేసిందేంటో ముందు చూద్దాం" అంటాను. బిగుసుకున్న ఆ భుజాలు మెల్లగా కిందికి దిగుతాయి.