టేపు వెయ్యని కవరు

ఆ రోజుల్లో నాకు పంచేంద్రియాలూ సక్రమంగానే పనిచేసేవి గానీ, వాటన్నిటి మీదా అనుమానమనే పైఅధికారి ఒకాయన ఉండేవాడు. ఆయన సంతకం పెడితే తప్ప మిగతా అయిదూ కదిలేవి కావు. పాలవాడు నవ్వితే నీళ్ళెక్కువ కలిపాడనుకునేవాణ్ణి, నవ్వకపోతే నేను కనిపెట్టేసిన సంగతి వాడికి తెలిసిపోయిందనుకునేవాణ్ణి. ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళు దీన్ని చాదస్తం అంటున్నారు. ఇరవై రెండేళ్ళ వయసులో, అమీర్‌పేటలో అగ్గిపెట్టెంత గదిలో (అగ్గిపెట్టెలో పుల్లలకి మాకంటే చోటెక్కువ) ఉన్నప్పుడు నేను మాత్రం దీన్ని లోకజ్ఞానం అనేవాణ్ణి.

ఎమ్మెస్సీ ఫిజిక్సు మొదటి ఏడు చదువుతుండగా మా కాలేజీ నోటీసు బోర్డులో ఒక కాగితం వెలిసింది. జర్మనీలో ఒక యూనివర్సిటీ వాళ్ళు మా డిపార్ట్‌మెంటు నుంచి ఒక్కరిని, ఒకే ఒక్కరిని, ఒక సెమిస్టరు పాటు తమ ల్యాబులో చదువుకోవడానికి పిలుస్తారట. రానూ పోనూ విమానం, గది, తిండి అంతా వాళ్ళదే. అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ ఎంచుకున్న పాపాన పోలేదు (బళ్ళో నాటకంలో చెట్టు వేషానికి కూడా నన్ను కాదని ఇంకోణ్ణి నిలబెట్టారు). అందుకని ఆ కాగితాన్ని ఒకసారి చదివి, రెండుసార్లు అనుమానించి, మూడోసారి దాని మీద 'ఐడెంటిటీ కార్డు పోయినది, దొరికినవారు ఇవ్వగలరు' అనే ప్రకటన ఒకటి అతికించాను. కార్డు నా జేబులోనే ఉంది.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి మా అమ్మకు చెప్పాను. సంతోషించడం మానేసి ముందు గొంతు తగ్గించింది. "ఎవరికైనా చెప్పావా?" అంది. లేదన్నాను. "చెప్పకు నాన్నా. విమానం ఎక్కి, అది నేల వదిలేదాకా నోరెత్తకు. అందరి కళ్ళూ మంచివి కావు" అంది. అనుమానం మా ఇంట్లో ఎక్కడినుంచి వస్తోందో మీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

నోరెత్తకుండా ఉండటానికి నా గదిలో ఒక పెద్ద అడ్డంకి ఉంది. దాని పేరు కోర్సులన్న. వరంగల్ వైపు మనిషి. ఉద్యోగం కోసం నాలుగేళ్ళ కిందట అమీర్‌పేటలో దిగి, అక్కడ బోర్డుల మీద కనిపించిన ప్రతి కంప్యూటర్ కోర్సూ నేర్చి, నేర్చేలోగా అది పాతబడి, కొత్తది మొదలుపెట్టి, అలా సాగిపోతున్నాడు. మంచివాడు. అంత మంచివాడు ఎందుకయ్యాడా అని నాకు మొదటి రోజునుంచీ అనుమానం. దరఖాస్తు నింపుతుంటే భుజం మీదుగా చూసి, "ఏం రాస్తున్నవ్ భాయ్, గట్ల దాస్తున్నవ్?" అన్నాడు. ఇంటికి ఉత్తరమన్నాను. "అమ్మకు ఇంగ్లీషుల రాస్తవా?" అని, నవ్వి, చాయ్ పెట్టడానికి పోయాడు. ఆ నవ్వులో నాకు జర్మనీ కనిపించింది. ఆ రాత్రినుంచి దరఖాస్తు నా పరుపు కింద కాకుండా, తెలివిగా, అతని పరుపు కింద దాచాను.

అన్నీ కుదిరాయి గానీ, దరఖాస్తుతో పాటు డిపార్ట్‌మెంటు పెద్దాయన రాసిన సిఫార్సు ఉత్తరం సీలు చేసిన కవరులో పంపాలి. మా పెద్దాయన్ని మేము మౌనం సార్ అనేవాళ్ళం. ఆయన రోజుకు నలభై మాటలకంటే వాడరు, అందులో ముప్ఫై పాఠంలోనే అయిపోతాయి. భయంభయంగా వెళ్ళి అడిగితే, "నువ్వే రాసుకురా. సంతకం పెడత" అన్నారు. ఇది మన కాలేజీల్లో అందరికీ తెలిసిన పద్ధతే. పొగడ్త శిష్యుడిది, సంతకం గురువుది. నేను రెండు రాత్రులు కూర్చుని నా గురించి మూడు పేజీలు రాసుకున్నాను. నేను కలగజేసుకోకపోతే భౌతికశాస్త్రం ఏ గతి పట్టేదో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుందన్నట్టుగా వచ్చింది. మైత్రీవనం వెనక సందులో టైపు చేయించడానికిస్తే, అక్కడ టైపు చేసే కుర్రాడు రెండో పేజీ దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "పోయి ఎన్ని దినాలైంది అన్నా?" అన్నాడు.

"ఎవరు?"

"గీ సారు. ఇంత మంచిగ రాసిన్రంటే పోయినట్టే గద."

మౌనం సార్ మూడు పేజీలూ చదివారు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. సొరుగులో పెట్టుకుని "రేపు రా" అన్నారు. మర్నాడు, శుక్రవారం, కవరు చేతికిచ్చారు. అంటించి, మూత మీద అడ్డంగా సిరాపెన్నుతో సంతకం, పక్కన డిపార్ట్‌మెంటు గుండ్రటి ముద్ర. అందరూ సంతకం మీద ప్లాస్టిక్ టేపు వేస్తారు, ఈయన వెయ్యలేదు. అది మొదటి అనుమానం. రెండోది అంతకంటే ఘోరం. నేనిచ్చింది మూడు కాగితాలు, కవరు చూస్తే ఒక్క కాగితమంత పల్చగా ఉంది.

శనివారం సాయంత్రం ఆరింటికి పంజాగుట్టలో కొరియర్ ఆఫీసు మూసేస్తారు. అప్పటికి పంపకపోతే గడువు దాటినట్టే. నేను శనివారం పొద్దున్నే పంజాగుట్టలో ఒక వెండిసామాన్ల దుకాణానికి వెళ్ళి, ఆ కవరునీ, మూడు తెల్లకాగితాలు పెట్టిన మరో కవరునీ వాళ్ళ త్రాసులో తూయించాను. దుకాణం ముసలాయన రెండూ తూచి, కళ్ళజోడు తీసి, "ఇది తేలిక బాబూ. మోసపోయారు" అన్నాడు. ఏ సరుకో ఆయనకు తెలియదు గానీ, నా గుండెల్లో సరిగ్గా గుచ్చుకుంది. మూడు పేజీలు చించేశారన్నమాట. ఒక్క కాగితంలో ఏం రాసి ఉంటారు? 'వీడొద్దు' అనడానికి ఒక్క కాగితం కూడా ఎక్కువే!

మధ్యాహ్నం గదిలో కవరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. దాచే ఓపిక కూడా పోయి, మొత్తం కోర్సులన్నకు చెప్పేశాను. అతను ఏమీ ఆశ్చర్యపోలేదు. "నా పరుపు కింద కాయితాలు నెల దినాల సంది సప్పుడు చేస్తున్నయ్ భాయ్. నువ్వే చెప్తవ్ తియ్యని ఊకున్న" అన్నాడు. తర్వాత కవరు చూసి, "ఫికర్ ఎందుకు? పంపెయ్. గాయన ఏం రాస్తే గది" అన్నాడు.

"చెడ్డగా రాసుంటేనో?"

"రాస్తే రాసిండు. విప్పితే మంచిగైతదా?"

నేను హీటరు మీద చాయ్ గిన్నె పెట్టాను. మూడింటికి ఆవిరి లేచింది, కవరు దాని మీద పట్టాను. మూత మెత్తబడింది, ఊడింది, దాంతోపాటు మౌనం సార్ సంతకం కూడా నీలంగా ఒళ్ళు విరుచుకుని కవరంతా పాకింది. లోపల ఒకటే కాగితం, ఆయన దస్తూరీ. ఇంగ్లీషులో నాలుగే నాలుగు వాక్యాలు:

'ఈ అబ్బాయి పరికరాన్ని నమ్మడు, పుస్తకాన్ని నమ్మడు, నన్నూ నమ్మడు. అందుకే అందరూ ఒకసారి తీసే రీడింగు ఆరుసార్లు తీస్తాడు. మూసిన పెట్టె కనిపిస్తే తెరిచి చూసేదాకా ఊరుకోడు. మన శాస్త్రానికి ఇలాంటివాళ్ళు కావాలి.'

నా జీవితంలో నన్ను అంతగా ఎవరూ చూసి ఉండలేదు. నా మూడు పేజీల్లో ఎక్కడా నేను లేను, ఆ నాలుగు వాక్యాల్లో నిలువెత్తున ఉన్నాను. కళ్ళు తడిశాయి (ఆవిరి వల్ల అని కోర్సులన్నతో అన్నాను). ఆ తర్వాత గడియారం చూశాను. సీలు ఊడిన కవరు చెల్లదు. "ఉరుకు భాయ్, ఎర్రమంజిలే గద, సారు ఇంటికి ఉరుకు!" అని కోర్సులన్న నా చొక్కా నా మీదికే విసిరాడు.

మౌనం సార్ క్వార్టర్స్ వరండాలో పేపరు చదువుకుంటున్నారు. నేను చెమటలు కక్కుతూ, నీలిమరకల కవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఆయన దాన్ని చూసి, పేపరు మడిచి, "ఎన్ని గంటలకు విప్పినవ్?" అన్నారు.

"మూడింటికండీ."

"నిన్ననే విప్పుతవనుకున్న. జర లేటు చేసినవ్."

లోపలికి వెళ్ళి ఇంకో కవరు తెచ్చారు. అంటించి, సంతకం పెట్టి, ముద్ర వేసి సిద్ధంగా ఉంది. "నువ్వు విప్పకుండ పంపినవనుకో, నేను రాసింది అబద్ధమైతుండె" అన్నారు. ఆ రోజు కోటా ఆయన నామీదే ఖర్చు పెట్టేస్తున్నారని అర్థమైంది.

సిగ్గుతో చచ్చిపోతూ కూడా నా పైఅధికారి ఊరుకోలేదు. "దీంట్లో కూడా అదే ఉందాండీ?" అన్నాను.

ఆయన మొదటిసారి నవ్వారు. "టేపు వెయ్యలే. నీ ఇష్టం."

ఎర్రమంజిల్ నుంచి పంజాగుట్ట కొరియర్ ఆఫీసుకు నడిస్తే పదిహేను నిమిషాలు. ఆ రోజు నాకు అది జర్మనీకంటే దూరమైంది. దారిలో రెండు చాయ్ బండ్లున్నాయి, రెండింటి మీదా గిన్నెలు కుతకుతలాడుతూ నన్ను పేరుపెట్టి పిలుస్తున్నాయి. ఎండకెత్తి చూశాను, ఏమీ కనిపించలేదు. వేలితో మూత అంచు తడిమాను, మెత్తగానే ఉంది. ఆరుకు పది నిమిషాలుండగా దరఖాస్తుతో పాటు కౌంటర్లో పెట్టాను. అక్కడతను ఫారం తీసి, కవరు చూపించి, "లోపట ఏమున్నది?" అన్నాడు.

"తెలియదండీ."

"తెల్వకుండ ఎట్ల పంపుతవ్ భాయ్?" అని నన్ను కిందినుంచి పైకి అనుమానంగా చూశాడు. చూడనివ్వండి, ఇన్నాళ్ళూ నేను లోకాన్ని చూసిన చూపే కదా.

రెండు నెలలకు పిలుపొచ్చింది. వెళ్ళాను. మొదటి వారంలోనే అక్కడి ఆఫీసులో ఒక పెద్దావిడ నా ఫైలు బల్ల మీద పెట్టి, కాఫీ తెస్తానని లోపలికెళ్ళింది. ఫైల్లో అన్నిటికంటే పైన ఆ కవరే, కత్తితో తిన్నగా కోసి ఉంది, లోపలి కాగితం అంచు తెల్లగా కనిపిస్తోంది. ఆవిరి కూడా అక్కర్లేదు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీ దగ్గరికెళ్ళి, ఆవిడ వచ్చేదాకా బయట కురుస్తున్న మంచు చూస్తూ నిలబడ్డాను.

సార్ ఇప్పుడు లేరు. ఆ రెండో కవరులో ఏం రాశారో అడగడానికి లేదు. ఈ సంగతి విన్నవాళ్ళంతా "నిజంగా చూడలేదా?" అంటారు. నిజంగానే చూడలేదని చెబుతుంటాను. కానీ ఈ నెరిసిన తలతో, ఆ కిటికీ దగ్గర బుద్ధిగా నిలబడ్డ బక్క కుర్రాణ్ణి తలుచుకున్నప్పుడల్లా నాకే నమ్మబుద్ధి కాదు. వాడి సంగతి నాకు బాగా తెలుసు. ఒక్కసారైనా వెనక్కి తిరిగే ఉంటాడు.