మీసాలాయనా, ఎర్రలాగూ

పసుపు కొమ్ము నూరి, సున్నం కలిపి, ఇనుప గరిటెలో వేడి చేస్తే ఒక వాసన వస్తుంది, ఘాటుగా, మట్టిమట్టిగా, ముక్కుకు తగలగానే ఇంట్లో ఎవరికో దెబ్బ తగిలిందని చెప్పేసే వాసన. మొన్న మా చిన్నోడు జిమ్ములో మణికట్టు బెణికించుకుని వస్తే, వాళ్ళ నాయన స్ప్రే డబ్బా కోసం అల్మారాలన్నీ వెతుకుతుండగా నేను పొయ్యి మీద గరిటె పెట్టాను. వాడు ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం వరంగల్‌లో ఉర్సు గుట్ట కింది మా పాత గల్లీకి పోయాను, ఎందుకంటే అక్కడ ఈ వాసన రాని పూట లేదు.

దెబ్బ అన్నది అప్పట్లో అన్నంలో ఉప్పులాంటిది, అది లేకుండా ఎవరికీ రోజు గడవదు. బడిలో సారు చింతబరికె విరిగేదాకా కొట్టి, విరిగితే ఇంకొకటి తెమ్మని కొట్టించుకున్నవాణ్ణే పంపేవాడు. కల్లు తాగి వచ్చిన మగవాళ్ళు మా గల్లీ మూలన అంగీలు చినిగేదాకా తన్నుకుని, తెల్లారి అక్కడే కూర్చుని ఒకరి బీడీకి ఒకరు నిప్పిచ్చుకునేవాళ్ళు. మా అమ్మ చేతికి చీపురు దొరికితే చీపురు, తెడ్డు దొరికితే తెడ్డు. దసరా పొద్దున ప్రతి ఇంటి ముందూ మేకయాట తెగేది, మోరీలో నీళ్ళు ఎర్రగా పారేవి, కార్జం ముక్కలు నిప్పుల మీద చిటపటలాడుతుంటే పిల్లలం చేతులు కాల్చుకుంటూ తినేవాళ్ళం. పీర్ల పండుగకు పక్కింటి చిచ్చీ, అంటే పిన్నమ్మ, రొట్టెల్లో బెల్లం కలిపి చేసే మలీద కోసం కూడా అంతే, మొదటి ముద్ద ఎవరిదని జుట్లు పట్టుకునేవాళ్ళం. ఏం రోజులమ్మా అవి, అందరూ బుద్ధిగా కూర్చున్న రోజు ఒక్కటి గుర్తులేదు నాకు.

అలాంటి గల్లీలోకి మా మేనమామ దుబాయి నుంచి వీసీఆర్ తెచ్చాడు, దాంతో ఒకే ఒక్క క్యాసెట్టు. సినిమా కాదు, బాక్సింగు. వెనకటి కాలం నుంచి అప్పటిదాకా వచ్చిన హెవీవెయిట్ చాంపియన్లను వరసపెట్టి చూపించేది, మొదట నలుపూ తెలుపూ, చివరికి రంగులు. హెవీవెయిట్ అంటే బరువు బస్తాలు మోసేవాడని మా అమ్మ అనుకుంది. అంత బలమున్నవాడు మార్కెట్టులో హమాలీ పనికి పోక ఈ తన్నులాట ఏందని బుగ్గలు నొక్కుకునేది. వాళ్ళ పేర్లు మాకు నోరు తిరిగేవి కావు కనుక మేమే పేర్లు పెట్టుకున్నాం. అందరికంటే పాతవాడు, మీసాలు మెలేసినవాడు, మీసాలాయన. అందరికంటే కొత్తవాడు, ఎర్ర నిక్కరు తొడిగినవాడు, మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియనివాడు, ఎర్రలాగు. కరెంటు పోయినప్పుడల్లా చీకటి గదిలో చెమటలు కక్కుతూ ఒకటే వాదన: ఈ ఇద్దరూ ఎదురుపడితే గెలిచేదెవడు?

మా అన్న సమ్మయ్యది ఎర్రలాగు. పక్కింటి యాకూబుది మీసాలాయన. ఇద్దరికీ పద్నాలుగేళ్ళు, బడిలో ఒకటే బెంచీ, బడికి ఒకటే సైకిలు. నాకు పదేళ్ళు. ఆడపిల్లవు, నీకెందుకు అని నన్ను వాదనలోకి రానిచ్చేవాళ్ళు కాదు, అయినా నేను అక్కడి నుంచి కదిలితే ఒట్టు. ఎర్రలాగు గుద్దు ఒక్కటి పడితే మీసాలాయన దవడ ఊడి చేతిలోకొస్తుందని అన్న అనేవాడు. యాకూబు దగ్గర ఒకటే జవాబు, ముందు తగలాలి కదా అని. నిజమే, క్యాసెట్టులో మీసాలాయన చేతులు కంటికి ఆనేవి కావు, కాళ్ళు నిప్పుల మీద పడ్డట్టు ఎగిరేవి. పాతకాలం రీళ్ళు ఆడిస్తే మనుషులు ఉన్నదానికంటే గబగబ కదులుతారని మా గల్లీలో ఒక్కరికీ తెలియదు. వెనకటివాళ్ళు నిజంగానే అంత వడిగా ఉండేవాళ్ళని, జొన్నరొట్టె తిన్న ఒళ్ళంటే అదేనని పెద్దవాళ్ళు కూడా తలలూపారు. రీలు చేసిన మాయకు మేం మూతులు పగలగొట్టుకున్నాం.

వాదన తెగకపోతే పేరు కొట్లాట. గోనె ముక్కలు చిన్న సంచుల్లా కుట్టి, పరకాల నుంచి మా నాయన తెచ్చిన పత్తి కుక్కి, చేతులకు తొడిగి సుతిలి తాడుతో బిగించుకునేవాళ్ళు. ఎవరి చాంపియన్ పేరు మీద వాళ్ళు దిగాలి. దెబ్బలకు ఆగలేనివాడు తాను ఓడానని అననక్కర్లేదు, తన చాంపియన్ పేరు చెప్పి ఓడిండు అంటే చాలు. ఆ మాట వినబడేదాకా మాత్రం ఎదుటివాడు చెయ్యి ఆపకూడదు, ఆపితే వాడి చాంపియనే ఓడినట్టు. ఎవరి పరువూ పోదు కదా, ఎంత మంచి నియమమో అనుకునేవాళ్ళం.

యాకూబు తండ్రి మదార్ చిచ్చా ఒకప్పుడు తాలీంలో, అదే కుస్తీ నేర్పే చోట, పేరుమోసిన పైల్వాను. ఆయన వీపు మట్టికి ఆనగా చూసినవాళ్ళు లేరని చెప్పుకునేవాళ్ళు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక అరుగు మీది నులకమంచమే ఆయన లోకమైంది. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దముద్దగా వచ్చేది. మీసాలను మాత్రం యాకూబు వాలనివ్వలేదు. రోజూ బడికి పోయేముందు తండ్రి మొహం తుడిచి, కొబ్బరినూనె రాసి, మీసాలు రెండువైపులా మెలేసి, అద్దం పట్టి చూపించేవాడు. క్యాసెట్టులోని మీసాలాయన వాడికి ఎవరో మా అందరికీ తెలుసు. తెలిసి కూడా మా అన్న, దసరా మరునాడు ఆ అరుగు ముందే వాదన ముదిరి, నోరు జారాడు.

“పాతోళ్ల పనైపోయిందిరా. ఆళ్లను మంచంల పండవెట్టుడే ఇగ.”

యాకూబు ఇంట్లోకి పోయాడు. గోనె సంచులు తెచ్చి అన్న కాళ్ళ దగ్గర విసిరాడు. వాడు అచ్చం రీలులో లాగే గబగబ కదలబోయాడు, ఎగిరి ఎగిరి కొట్టాడు, మొదటి దెబ్బలకే అన్న ముక్కు చిట్లి నెత్తురు పెదాల మీదికి కారింది. కానీ మనిషి రీలు కాదు కదా, కాసేపటికి వాడి కాళ్ళు బరువెక్కాయి. ఇక అన్న వంతు. గోనె కుట్లు తెగి పత్తి ఎగిరింది, ఎగిరిన పత్తి నెత్తురు మొహాలకు అంటుకుంది, ఆ తరవాత ఎముక మీద ఎముక పడ్డ చప్పుడే. యాకూబు పెదవి చీలింది, కన్ను మూసుకుపోయింది, ఒక పన్ను మట్టిలో పడింది. మగవాళ్ళు దసరా మత్తులో పడి ఉన్నారు, ఆడవాళ్ళు రోజూ ఉండేదే అనుకున్నారు. నేను పోయి అన్న నడుం పట్టుకుంటే మోచేయి తగిలి వెనక్కి పడ్డాను. ఎడమ చెవి మీద గుద్దు పడి యాకూబు మోకాళ్ళ మీద కూలాడు, చెవిలోంచి సన్నగా నెత్తురు. అయినా ఆ మాట అనడు. అన్న ఏడుస్తూ కొడుతున్నాడు.

“అనురా, ఒక్కపారి అను. నీకు దండం పెడ్త, అనురా.”

యాకూబు తల అడ్డంగా ఊపాడు. వాడు చచ్చిపోతాడని నాకు నిజంగా భయమేసింది. అన్న మళ్ళీ చెయ్యెత్తాడు. అప్పుడు మంచం మీది నుంచి ఒక గొంతు, ఒక్కో అక్షరాన్నీ ఈడ్చుకుంటూ వచ్చింది.

“మీసాలాయన ఓడిండు. ఇడువు బిడ్డా.”

అన్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అంతసేపూ ఏడవని యాకూబు తండ్రి వైపు తిరిగి గుండె పగిలేలా ఏడ్చాడు.

“నువ్వెందుకన్నవు అబ్బా, గా మాట నువ్వెందుకన్నవు?”

చిచ్చా పనిచేసే చేత్తో కొడుకును దగ్గరికి పిలిచి, దుప్పటి కొసతో వాడి చెవి తుడిచాడు. దవాఖానలో చెవి పొర చిరిగిందన్నారు. అన్న వాళ్ళింటికి పోయి మంచం పట్టె పట్టుకుని నిలబడితే చిచ్చా పక్కన కూర్చోమన్నాడు. యాకూబు మళ్ళీ క్యాసెట్టు చూడటానికి రాలేదు. మీసాలు మాత్రం రోజూ మెలేశాడు, ఆ చలికాలం చిచ్చా పోయేదాకా.

ఇప్పుడు ఆ గల్లీలో అరుగులు లేవు, తాలీం జాగాలో ఫంక్షన్ హాలు లేచింది, పేరు కొట్లాట అంటే ఏమిటో చెప్పగల పిల్లలు లేరు. దెబ్బలు పోయినందుకు నాకేమీ బాధ లేదు, పోతే పోనీ. నిన్న చిన్నోణ్ణి తీసుకుని యాకూబు ఇంటికి పోతే, వాడు కట్టు కట్టిన చేత్తోనే ఫోనులో కొత్త ఆట చూపించాడు. ఏ కాలం చాంపియన్లనైనా ఎదురెదురుగా దించి కొట్టించవచ్చట. వాడు ఎడమవైపు కూర్చుని చెబుతుంటే యాకూబు పూర్తిగా తిరిగి కుడి చెవి ఇచ్చి, అంతా విన్నాడు.

“ఎవడు ఓడిండన్నది ఎవలు చెప్తరు బేటా?”

“ఫోనే చెప్తది మామా.”

యాకూబు ఫోను అందుకుని ఆ బొమ్మలను చూశాడు.

“మంచిదే,” అన్నాడు. “మనిషితోని అనిపిస్తలేరు గద.”