మోత్యా, హర్ణ్యా బండివారికి మనవి

1958 మాఘమాసం. బాసరలో వసంత పంచమి జాతర. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి వచ్చినవాళ్లు, గోదావరిలో మునగడానికి వచ్చినవాళ్లు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు, అందరూ కలిసి నది ఒడ్డు నుంచి గుడి దాకా కాలు పెట్టే సందు లేకుండా చేశారు. ఆ రొదలో వినపడే గొంతు ఒక్కటే. అది నా మైకు.

నిర్మల్ బస్టాండు పక్కన నాకు మైకు సెట్ దుకాణం ఉండేది. పెళ్లిళ్లు, సభలు, ఎన్నికలు, సినిమా ప్రచారం, ఏదైనా సరే నేను లేకుండా జరిగేది కాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ చుట్టుపక్కల ఇంకో సెట్ లేదు మరి. మాట్లాడే మైకు, ఆ మాటను పెద్దది చేసే ఆంప్లిఫయర్, దాన్ని జనం మీదికి వదిలే హారన్లు, వీటన్నిటికీ ప్రాణం పోసే కారు బ్యాటరీ. ఇంతే సరంజామా. హారన్‌కు ఒక గుణం ఉంది. అది నోరు తెరిచిన వైపే మాట పోతుంది. దాని వెనక నిలబడితే గొణుగుడు తప్ప ఏమీ వినపడదు.

నా భాగస్వామి ఖాజా మియా. తెలుగులో నేను చెప్పింది అతను ఉర్దూలో చెప్పేవాడు. అతని గొంతు నాకన్నా బాగుంటుందని అందరూ అనేవారు, నేను మాత్రం ఒప్పుకోలేదు.

జాతరలో మా పనిలో సగం తప్పిపోయినవాళ్ల ప్రకటనలే. దానికి పోలీసు జమేదారు ఒక పద్ధతి పెట్టాడు. తప్పిపోయిన మనిషి పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరి పేరు. ఈ మూడూ లేకుండా మైకు ముట్టుకోకూడదు. ఆయన మా పందిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పద్ధతి మంచిదే. పొద్దుటి నుంచి పిల్లల్నీ ముసలివాళ్లనీ బాగానే అప్పగించాం.

మధ్యాహ్నం తిరిగాక, కుంకుమ అమ్మే భూమవ్వ ఒక కొత్త కోడలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పద్దెనిమిదేళ్లుంటాయేమో, కాళ్ల పారాణి ఇంకా పూర్తిగా పోలేదు. నదిలో మునిగి తడిచీర మార్చుకునేలోపు తోటి ఆడవాళ్లు ముందుకు పోయారట. బండ్లు విడిచిన మైదానం ఎటో ఆమెకు తెలియదు. ఎటు చూసినా బండ్లే అయినప్పుడు తన బండి ఏదని వెతుకుతుంది?

"పేరేందమ్మా?" అన్నాడు జమేదారు.

ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"మొగని పేరు?"

ఆమె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఆ రోజుల్లో ఏ ఇల్లాలూ భర్త పేరు నోట పలికేది కాదు. అది మాకు కొత్త కాదు. భర్త పేరు లేకున్నా ఊరూ పేరూ చెబితే నడిపించేవాళ్లం. ఈ అమ్మాయి అదీ చెప్పదు.

"చెప్తెనే గద బిడ్డా, మైకుల పిలిచేది," అన్నాడు ఖాజా మియా మెత్తగా.

అప్పుడు నోరు విప్పింది. "మైకుల నా పేరు చెప్పకుండ్రి అన్నా, మీ కాళ్లు మొక్కుత. మా ఊరోళ్లు శానమంది వచ్చిండ్రు. జాతరల కోడలు తప్పిపోయిందంటె మా అత్తగారింటి ఇజ్జత్ ఉంటదా? నన్ను ఇంట్లకు రానిస్తరా?"

జమేదారుకు విసుగొచ్చింది. "గట్లైతె నేనేం జెయ్యాలె? పొద్దు గూకే లోపల ఎవ్వలు రాకపోతె ఠాణాకు తీస్కపోవుడే. ఈడ ఇడిసిపెట్టి పోతనా?"

ఆయన మాటలో తప్పు లేదు, ఆడపిల్లను జాతరలో ఒంటరిగా వదలలేడు. కానీ ఠాణా అనే మాట వినగానే ఆమె భూమవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. జాతరలో తప్పిపోయిందన్న వార్త ఊరి పొలిమేర దాటేసరికి వేరే మాట అవుతుంది. రాత్రి ఠాణాలో ఉందంటే ఇక చెప్పేదేముంది? ఆ పిల్ల బతుకు అక్కడితో ఆగిపోతుంది. పెద్ద గొంతు నా చేతిలో ఉంది, ఆమెను కాపాడాలంటే దాన్ని వాడాలి, వాడితే ఆమె పరువు పోతుంది. ఇలాంటి చిక్కు నా దుకాణం పెట్టాక ఎప్పుడూ రాలేదు.

నేను ఆమె ముందు చతికిలబడి వేరే దారిలో అడిగాను. "బండి మీదనే వచ్చిండ్రా?"

"అవు."

"ఎడ్లు ఎట్లుంటయ్?"

ఆ ఒక్క ప్రశ్నతో ఆమె ముఖం విచ్చుకుంది. "ఒకటి తెల్లది, ఒకటి కర్రెది. కర్రెదాని ఎడమ కొమ్ము జర వంకర. పొలాల అమాస ఎడ్ల పండుగకు మా మామ రెండింటి కొమ్ములకు ఇత్తడి కుప్పెలు చేయించిండు. కర్రెది మోత్యా, తెల్లది హర్ణ్యా. మోత్యాకు నేను గడ్డేస్తెనే తింటది."

భర్త పేరు అడిగితే పెదవి కదపని పిల్ల ఎడ్ల వంశమంతా చెప్పేటట్టుంది. భూమవ్వ నవ్వాపుకోలేకపోయింది. నేను లేచి మైకు అందుకున్నాను.

"అరే, పేరు లేదు, ఊరు లేదు, ఏం చెప్తవ్?" అన్నాడు జమేదారు.

"చూస్తుండుండ్రి సాబ్," అన్నాను.

"భక్తులకు మనవి. మోత్యా, హర్ణ్యా అనే ఎడ్ల జోడుతో వచ్చిన బండివారు వినాలి. మోత్యా ఎడమ కొమ్ము వంకర, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు. మీరు వెతుకుతున్నది మైకు దగ్గర పైలంగా ఉన్నది. ఫికర్ లేదు, నిమ్మళంగా రండి."

ఖాజా మియా అదే ఉర్దూలో చదివాడు. ఎడ్ల పేర్లను నవాబుల పేర్లలా పలికాడు.

వచ్చారండీ జనం! పోగొట్టుకున్న వస్తువు మైకు దగ్గర ఉందంటే ఎవరు ఊరుకుంటారు? ఒక ముసలాయన రాగి చెంబు ఇమ్మన్నాడు.

"నీ ఎడ్ల పేర్లేంది తాతా?"

"ఎడ్లేడియి నాకు? నేను రైలుకు వచ్చిన. చెంబైతె నాదే."

ఇంకొకడు చెప్పులన్నాడు, మరొకడు గొడుగన్నాడు. జమేదారు లాఠీ ఆడించి అందరినీ పంపాడు. పిల్ల మాత్రం పందిరి వెనక బ్యాటరీ పెట్టెల చాటున, దుప్పటి అడ్డం కట్టిన చోట, భూమవ్వ పక్కన ముడుచుకుని కూర్చుంది. మళ్లీ చెప్పాను, మళ్లీ చెప్పాను. రావలసినవాళ్లు రాలేదు. ఎండ పచ్చబడుతోంది. బండ్లు ఒక్కొక్కటే కడుతున్నారు. జమేదారు కుర్చీలోంచి లేచాడు.

అప్పుడు తట్టింది. నా హారన్లు రెండూ గుడి వైపూ బండ్ల వైపూ నోరు తెరిచి ఉన్నాయి. కోడలు కనపడకపోతే ఆ ఇంటివాళ్లు బండి దగ్గర కూర్చుంటారా? చివరిసారి ఆమెను చూసిన చోట వెతుకుతారు. అంటే నీళ్లలో.

నిచ్చెన వేసి గుంజ ఎక్కి ఒక హారన్‌ను గోదావరి వైపు తిప్పాను. కింది నుంచి ఖాజా మియా ప్రకటన అందుకున్నాడు. మూడోసారి అతని గొంతు నది మీదికి పోయాక, ఒడ్డు వైపు నుంచి ఒక యువకుడు జనాన్ని తోసుకుంటూ పరుగెత్తి వచ్చాడు. ఛాతీ దాకా తడిసి ఉన్నాడు. రొప్పుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మోత్యా... మోత్యా మాదే," అన్నాడు.

చుట్టూ గుంపు మూగింది. వాళ్ల ఊరివాళ్లు కూడా ఉన్నట్టున్నారు, ఎవరో "ఏం పోయిందిర మీది?" అని అరిచారు. అతను ఒకసారి నా ముఖం చూశాడు, ఒకసారి దుప్పటి వైపు చూశాడు. అక్కడ గాజులు చప్పుడయ్యాయి.

"మా అవ్వ సంచి," అన్నాడు.

మూడు వివరాలూ లేనిదే మైకు ముట్టుకోవద్దన్న జమేదారు ఏమంటాడోనని నేను చూస్తున్నాను. ఆయన లాఠీతో నేల మీద ఒక్కటి కొట్టి, "సంచి దొరికింది! ఏం తమాషనా? నడువుండ్రి, నడువుండ్రి!" అని గుంపు మొత్తాన్ని చెదరగొట్టాడు. ఠాణా మాట దగ్గర ఆయన మీద నాకు పుట్టిన కోపమంతా ఆ కేకతో పోయింది.

అందరూ పోయాక, కొడుకు వెనకే ఒడ్డు నుంచి వచ్చిన అత్తగారు పందిరి వెనక్కి చేరింది. తిడుతుందేమోనని భయపడ్డాం. ఆమె కోడలి ముఖం రెండు చేతులా పట్టుకుని భోరుమంది. "నీళ్లల్ల దేవులాడినం బిడ్డా! నీ అవ్వకు నేనేం జవాబు చెప్పుదు!" ఆ కోడలూ ఏడ్చింది, భూమవ్వా ఏడ్చింది. మేం మగవాళ్లం వైర్లు సవరించే పని పెట్టుకున్నాం. నిజం చెప్పాలంటే నాకు వైర్లు కనపడలేదు.

మరునాడు, ఒక పత్రికకు మా వైపు వార్తలు పంపే మిత్రుడు దుకాణానికి వచ్చాడు. ఎవరి ద్వారానో సంగతి చెవిన పడింది. "ఎడ్ల పేరు మీద కోడలు దొరికిందట! జిల్లాల ఇంత మంచి వార్త ఈ ఏడు రాలే. ఊరు చెప్పు, పేరు చెప్పు, నీ పేరు గూడ ఏస్త."

నా పేరు పేపర్లో పడాలని నాకెంత కోరికో అతనికి తెలుసు. ఆ ఆశ చూపించే అడిగాడు. "జాతరల ఒక సంచి దొరికింది, గంతే. రాసుకో," అన్నాను. అతను అలిగి, చాయ్ కూడా తాగకుండా పోయాడు.

తర్వాత ఊరూరికీ రేడియోలు వచ్చాయి, పేపర్లు తెల్లారేసరికి గుమ్మంలో పడ్డాయి, ఆ వెనక టీవీలు. నా హారన్లు అటక ఎక్కాయి. అయినా ఆ రోజు నేర్చుకున్న పాఠం పాతబడలేదని ధీమాగా చెబుతాను. పదిమందికీ వినపడేలా చెప్పడం యంత్రం చేసే పని. ఏది చెప్పకూడదో తేల్చుకోవడం మాత్రం మైకు పట్టినవాడి పని. అందుకే ఇప్పుడు కూడా వాళ్ల ఊరి పేరు రాయడం లేదు. ఎడ్ల పేర్లు సైతం మార్చే రాశాను.

ఆ జాతర మరుసటి ఏడు భైంసా పత్తి బజారులో ఒక పెద్దమనిషి నా భుజం తట్టాడు. తలకు రుమాలు, చేతిలో చర్నాకోల. పక్కనే ఇత్తడి కుప్పెల ఎడ్లు, నల్లదాని ఎడమ కొమ్ము వంకర. ఆ పిల్ల మామ అని గుర్తుపట్టి, కోడలు బాగుందా అని అడగబోయి, చుట్టూ జనాన్ని చూసి ఆగిపోయాను. ఆయన అది గమనించాడు. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"ఆనాడు నీ మైకుల మా ఎడ్ల పేర్లు వచ్చినయ్ పటేలా. మా ఇంటి పేరు రాలే."