కాజాలక్క పథ్యం

యూనిఫారాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆవిడను అందరూ కాజాలక్క అనేవారు. పంతొమ్మిదేళ్లుగా చొక్కాలకు కాజాలు కుట్టడమే ఆవిడ పని. నలభై నాలుగేళ్లు వచ్చినా పెళ్లి చేసుకోలేదు. మూడో అంతస్తులో ఒక గది, మనిషి తిరగడానికి చాలని వంటిల్లు. ఊరికి ఆ చివర తమ్ముడి ఇల్లు. ఆదివారం భోజనం మాత్రం అక్కడే.

కొన్నేళ్లుగా తిన్నది ఒంటపట్టడం లేదు. పొట్ట ఉబ్బిపోయేది, మెట్లెక్కితే కళ్లు బైర్లు కమ్మేవి. ఒంటరి మనిషి, దిగులు పెట్టుకుంటోందని చుట్టుపక్కలవాళ్లు తేల్చేశారు. చివరికి ఒక డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, గొట్టం వేసి పేగు చూసి, జబ్బు పేరు సీలియాక్ అంది.

"గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం. వీటిలో ఉండే గ్లూటెన్ మీ పేగుకు పడదు. రవ్వంత కూడా తగలకూడదు."

"ఎన్నాళ్లండీ?"

"ఇక ఎప్పటికీనమ్మా."

ఆపరేషను లేదన్నందుకే కాజాలక్క ప్రాణం కుదుటపడింది. తిండే కదా, మానేస్తే పోయె అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి అసలు సంగతి తెలిసొచ్చింది. కార్ఖానాలో ఆరుగురు ఆడవాళ్లు కటింగ్ బల్ల మీద పాత కాగితాలు పరిచి, డబ్బాలన్నీ మధ్యలో పెట్టుకుని తింటారు. ఒకరి రొట్టె ఇంకొకరి కూరలో మునుగుతుంది. కాజాలక్క తన అన్నం డబ్బాను పక్కకు లాక్కుని, మూత అడ్డం పెట్టుకుని, విషయం చెప్పింది.

"పెళ్లి కాకుండానే బాలింత పత్యమా అక్కా!" అంది కాలర్లు కుట్టే ఆమె.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడా నవ్వింది. కొన్నాళ్లు "ఇది నీకు పడుతుందా?" అని అడిగేవారు. తర్వాత మరిచిపోయారు. రొట్టె తుంచిన చెయ్యి తన కూరలోకి వస్తుందేమోనని కాపు కాస్తూ తినలేక, కాజాలక్కే తన మిషను దగ్గరికి మారింది. ఎవరూ పొమ్మనలేదు. రెండుసార్లు పిలిచారు కూడా.

మరదలు మాత్రం పట్టు వదల్లేదు. "మా ఇంట్లో నీకు తిండి కరువా వదినా? నేను చేసి పెడతానుండు," అని కొత్త గిన్నె కొని బియ్యప్పిండితో కేకు మొదలుపెట్టింది. మొదటిది రాయిలా వచ్చింది. రెండోది కూలబడింది. మూడోది కుదిరింది. తమ్ముడి పుట్టినరోజున బల్ల మీద పెద్ద కేకు, దానికి దూరంగా ఆవిడది పెట్టింది.

తమ్ముడు తన కేకు కోశాడు. మరదలు ఆ చాకే అందుకుని ఈ కేకులో దించింది. చాకు అంచున మైదా కేకు తునకలు అంటుకుని ఉండడం కాజాలక్క చూసింది. చెబుదామని నోరు తెరిచింది.

"తిని చెప్పు వదినా," అంది మరదలు. ఆమె ముఖం వెలిగిపోతోంది.

కాజాలక్క ముక్క నోట్లో పెట్టుకుంది.

"బ్రహ్మాండంగా ఉందే," అంది. రెండో ముక్కా తింది.

మూడు రోజులు మంచం దిగలేదు. కార్ఖానాకు వెళ్లలేదని తెలిసి మరదలు ఫోన్ చేసింది.

"అన్నీ విడిగానే చేశాను కదా వదినా!"

"నీ కేకు వల్ల కాదులే. బయట ఏదో తిన్నాను."

అబద్ధం అతకలేదు. ఆవిడ బయట తినదని వాళ్లకు తెలుసు. ఆ ఆదివారం తమ్ముడు ఫోన్ చేశాడు. "నీకు మళ్లీ ఏమైనా అయితే ఇది తట్టుకోలేదక్కా. ఒకటే ఏడుపు."

"నిజమేరా," అంది.

చాకు మార్చమని ఒక్క ముక్క అనుంటే సరిపోయేది. ఆ సంగతి చాలా రోజులు ఆవిడను తొలిచింది. ఇప్పుడు చెబితే మరదల్ని తప్పుపట్టినట్టే అవుతుంది. చెప్పలేదు.

ఏడాది తిరిగింది. డాక్టరమ్మ కాగితాలు చూసి సంతోషపడింది. "పేగు బాగుపడింది, రక్తం పట్టింది. ఇంట్లో ఎవరో మిమ్మల్ని బాగా చూసుకుంటున్నారు!"

"అవునండీ," అంది కాజాలక్క.

ఇప్పుడు ఆదివారాలు నాలుగింటికి వెళుతుంది. తలుపు తీస్తూనే తమ్ముడు అడుగుతాడు, "తిన్నావా అక్కా?"

"తినే వచ్చానురా."

ఆ మాటతో ఇంటిల్లిపాదీ తేలికపడతారు. కబుర్లు బాగానే నడుస్తాయి. మరదలు టీ ఇస్తుంది, గ్లాసు రెండుసార్లు కడిగి. ఏడవుతుండగా వంటింట్లోంచి పోపు వాసన రాగానే కాజాలక్క లేచి చెప్పులు వేసుకుంటుంది. "అప్పుడేనా?" అంటారు, ఆపరు. ఆవిడ మెట్లు దిగుతుంటే పైన కంచాలు పెడుతున్న చప్పుడు వినిపిస్తుంది.