రెండు పోగుల దారం

ముప్పై ఏళ్లకు పైగా ఒక తప్పును మోస్తున్నాను. నోటితో ఆడిన అబద్ధం ఒక్క మాటే. మిగతాదంతా వేళ్లతో చేశాను. దాని బరువెంత అంటారా? రెండు మూరల పట్టు దారం ఎంత బరువుంటుందో అంతే. అయినా మొయ్యలేకపోతున్నాను.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీకు తెలుగు చదవడం వచ్చు. తమిళనాట మా గుడియాత్తం వీధిలో అందరం తెలుగే మాట్లాడతాం, చదవగలిగినవాళ్లు మాత్రం అరుదు. నన్ను మా నాన్న మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దించాడు. ఈ కాగితాలు మా ఇంట్లో ఎవరికి దొరికినా పొట్లాలు కట్టుకుంటారు తప్ప చదవలేరు. నా ధైర్యమంతా అదే.

ఆ తప్పు ఎవరికి చేశానో ఆయన పేరు రాయను. వేలూరులో చిన్న లేత్ షెడ్డు ఉండేది. పాత సినిమా ప్రొజెక్టర్లకు కంపెనీ సామాన్లు రావడం ఆగిపోయాక, అరిగినదాన్ని చూసి కొత్తది చేసిచ్చేవాడు. అందులో క్రాస్ అని ఒకటుంది. ఉక్కుతో చేసిన చిన్న నాలుగు రేకుల పువ్వు, రేకుల్లో నాలుగు గాడులు. ఒక చీల గాడిలోకి దూరి, దాన్ని కొంచెం తిప్పి వదిలేస్తుంది. అది ఆగినప్పుడే బొమ్మ తెర మీద నిలుస్తుంది. గాడి బిగుతైతే తిరగడం కష్టం. వదులైతే బొమ్మ వణుకుతుంది.

చీలకూ గాడికీ మధ్య ఆ సందు చూసుకోవడానికి ఆయన వాడింది పట్టు దారం, ఒంటి పోగు. మా వీధంతా లుంగీలు నేస్తే మా ఇంట్లో పట్టు నేసేవాళ్లం. అందుకని నెలకోసారి మా గడప దగ్గరికి వచ్చేవాడు. "పట్టీ పట్టనట్టు జారాల అమ్మణ్ణీ, అప్పుడే సరి," అనేవాడు. నేను అట్టముక్కకు చుట్టి ఇచ్చేదాన్ని. నిజానికి ఒక్క చుట్ట ఏడాదికి సరిపోతుంది. మరి నెలనెలా ఎందుకు? నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అన్నా అని పిలవమని మా అమ్మ గదిమేది. నేను ఏ పిలుపూ లేకుండానే మాట్లాడేదాన్ని. మీకు అర్థమయ్యే ఉంటుంది.

సినిమాకు వెళ్తే నేను కథ చూసేదాన్ని కాదు. బొమ్మ ఎంత నిలకడగా ఉందో చూసేదాన్ని. మా ఇంటి దారం, ఆయన చెయ్యి అనుకుని పొంగిపోయేదాన్ని. నా పక్కన కూర్చున్నవాళ్లు ఏడ్చే చోట కూడా నేను నవ్వుతూ ఉండేదాన్నట.

ఒక మధ్యాహ్నం మామూలుకంటే ముందే వచ్చాడు. పాత దారానికి నూనె పట్టి పాడైందన్నాడు. "మద్రాసులో ఒక పెద్ద వర్క్‌షాపోళ్లు క్రాస్ ఒకటి చేసి చూపించమన్నారు. సరిపోతే ఆడే పనిలో పెట్టుకుంటారంట. ఇంక ఈ పక్కకి వచ్చేది కుదరదేమో." ఆ ఆఖరి మాట గడపను చూస్తూ అన్నాడు.

పోవద్దు అని నేను అనుంటే? అనలేదు. లోపలికి వెళ్లాను. రెండు పోగులు కలిపి, తొడ మీద సన్నగా పురి పెట్టి, గంజి అద్ది, అట్టకు చుట్టాను. కంటికి తేడా తెలియదు. నేతవాళ్ల వేలికి తెలుస్తుంది. ఆయన వేలికీ తెలిసేదే, తడిమి చూసి ఉంటే. చూడలేదు. ఇచ్చింది నేను కదా.

"ఎప్పుడూ ఇచ్చేదే కదా?"

"అదే."

దానికి ప్రేమ అని పేరు పెడితే తప్పు చిన్నదవుతుందా? పోతానని అంత తేలిగ్గా అనగలిగాడని కోపం కూడా ఉంది నాలో, దాన్నెందుకు దాచాలి? ఆయన ఓడిపోవాలని అనుకోలేదు, పోకుండా ఉండాలనుకున్నాను అని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఓడించకుండా ఆపే దారి నాకు కనిపించలేదు, కనిపించలేదని వెతకడం మానేశాను.

దారం లావైన మేరకు గాడి వదులై, మద్రాసులో బొమ్మ వణికింది. తిరిగొచ్చి అదే దారంతో మరో రెండు చేశాడట. అవీ వణికాయి. మిగిలిన చుట్టను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దారాన్ని అనేదానికి లేదు అమ్మణ్ణీ. నా చెయ్యే పోయింది." ఆ పూట నోరు విప్పి ఉంటే అంతా సర్దుకునేది. నేను చుట్ట తీసుకుని మంచినీళ్లు కావాలా అని అడిగాను.

ఆయన మద్రాసు పోలేదు. మా గడపకూ రాలేదు. దారంతో పని లేనివాడు ఎందుకొస్తాడు? ఇంత చిన్న సంగతి నాకు ముందు తట్టలేదు. లేత్ తీసేసి ఇళ్ల కట్టుబడి పనికి పోయాడు. కాట్పాడి దగ్గర ఆయన పూసిన గోడలు బస్సులోంచి ఎన్నోసార్లు చూశాను. తిన్నగా ఉన్నాయి. చెయ్యి పోయిన మనిషి పూసిన గోడల్లా లేవు.

నాకు పెళ్లయింది, కాపురం బాగానే గడిచింది. అయినా ఎవరు గడప దగ్గర నిలబడినా ముందు కాళ్లవైపే చూస్తాను, ఆయన చెప్పులేమోనని.

ఆ షెడ్డుకు దారం మా ఇంటి నుంచే పోయేదని ఎవరో చెబితే, పోయిన వారం సత్తువాచారి నుంచి ఒకాయన వచ్చాడు. పాత ప్రొజెక్టర్లు బాగుచేసి దాచుకోవడం ఆయనకు సరదా. ఎప్పుడో ఆ వేలూరు షెడ్డులో తయారైన క్రాస్ ఒకటి, దాని చీలతో సహా తెచ్చి, ఇన్నేళ్లయినా బొమ్మ కదలడం లేదు, ఇలాంటిదే ఇంకొకటి కావాలి, చేసినాయన యాడ ఉంటాడు అని అడిగాడు. నేను ఒంటి పోగు తీసి ఆ సందులో పెట్టి లాగాను. పట్టీ పట్టనట్టు జారింది. లత్తేరిలో ఉంటాడని చెప్పాను.

రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. "ముట్టుకోనన్నాడమ్మా. నా చేతిని నమ్మేదానికి లేదు అంటా ఉండాడు."

ఇన్నేళ్లూ అదే నమ్ముతున్నాడు. నేనేమో కాలం మరిపించి ఉంటుందిలే అనుకుంటూ అన్నం తింటున్నాను.

ఆయనకూ తెలుగు చదవడం రాదు. అందుకే ఒక అట్టముక్కకు రెండు దారాలు చుట్టాను. ఒక పక్క ఒంటి పోగు. రెండో పక్క, ఆయన తిరిగిచ్చిన చుట్టలో నేను ఇన్నాళ్లూ దాచినది. నిన్న పొద్దున సత్తువాచారి ఆయన చేతికిచ్చి, ఆ రోజు నేనిచ్చింది రెండోది అని మాత్రం చెప్పమన్నాను. సిమెంటు తినేసిన వేళ్లకు తేడా తెలుస్తుందా అని ఒక అనుమానం. తెలుస్తుంది. ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

క్షమిస్తాడని నేను అనుకోవడం లేదు. దారం కోసం వస్తాడనీ అనుకోవడం లేదు. ఇదంతా గడప దగ్గర కూర్చునే రాస్తున్నాను.