కనుమలో ఆగిపోయిన బండి చప్పుడు

నిన్న పొద్దున పలమనేరు నుంచి మేనల్లుడి ఫోన్. "అత్తా, నాయన పోయినాడు" అన్నాడు.

"ఊఁ" అని పెట్టేశా. కాసేపటికి నేనే మళ్ళీ చేసి, "ఎవరు పోయినారు?" అని అడిగా.

వందకు దగ్గరపడిన మనిషి కదా, ఇందులో షాక్ ఏముంది అంటారు మీరు. నాకు మాత్రం నిన్నటి నుంచి ఫోన్ మోగితే తీయడానికి భయంగా ఉంది. నన్ను పేరు పెట్టి కాకుండా "పాపా" అని పిలిచేవాళ్ళు ఇక ఎవరూ లేరు.

మా అన్న మునిరత్నం.

మీలో చాలామందికి ఆయన పెళ్ళిళ్ళలో ఓ మూలన కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దాయన, అంతే. నాకు తెలిసిన మునిరత్నం వేరు. చెప్తా వినండి. నేను వాయిస్ టైపింగ్‌లో చెప్తుంటే మనవరాలు తప్పులు దిద్దుతోంది. నవ్వకండి.

యుద్ధం అయిపోయిన కొత్త. మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన మోటార్ సైకిళ్ళు మద్రాసులో వేలం వేస్తుంటే మా ఆయన ఒకటి కొన్నాడు. ఆయనకు చిత్తూరులో బెల్లం వ్యాపారం, పలమనేరు దగ్గర అత్తగారిల్లు, మధ్యలో మొగిలి కనుమ.

కొత్త అల్లుడికి బండి ఉంటే చాలదు కదా, అది వస్తున్నట్టు ఊరంతా తెలియాలి. సైలెన్సర్ కోయించి ఓపెన్ పైపు పెట్టించాడు. గాలి వడగట్టే డబ్బా పీకేసి, మెరిసే ఇత్తడి గరాటు బిగించాడు.

సౌండ్ వచ్చింది. దాంతోపాటే ఇంజనుకు దగ్గూ వచ్చింది. ఒకసారి కార్బురేటర్ నోట్లోంచి మంట బయటికొచ్చి ఆయన పంచె అంచు కాలింది. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

అన్నకు కనుమ పైన రోడ్డు పక్కనే షెడ్డు. నా పుట్టిల్లు ఆ షెడ్డు వెనకే. యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన రోజుల్లో వాటిని రిపేరు చేస్తూ పని నేర్చుకున్నాడు. మా ఆయన బండి చూసి తల పట్టుకున్నాడు.

"బావా, గాలికి తలుపులన్నీ తీసేసినావు. దానికి తగ్గట్టు పెట్రోలు పోవాల. లేకుంటే ఇంజను ఎండిపోతాది."

పెట్రోలు ఎక్కువ పోయేలా కార్బురేటర్‌లో జెట్ మార్చాడు. నీడిల్ ఒక గాడి పైకి లేపాడు.

అన్నకు ఒక పద్ధతి ఉండేది. తను ట్యూనింగ్ చేసిన బండి మొదటిసారి కనుమ ఎక్కేటప్పుడు వెనక సీట్లో తనే కూర్చోవాలి. కింద నుంచి ఫుల్ స్పీడుతో ఎక్కించుకుంటూ వచ్చి, సగం దారిలో ఇంజన్ ఆపించి, ప్లగ్ విప్పి రంగు చూసేవాడు. ఇటుక రంగుంటే సరి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని. చూసుకుని, బిగించి, మళ్ళీ స్టార్ట్ చేయించేవాడు.

ధైర్యవంతుడు అనుకునేరు. మా ఇంట్లో ఆయనంత పిరికి మనిషి లేడు. బండెక్కే ముందు పెదాలు ఎండిపోయేవి.

"అంత భయమైతే ఎందుకన్నా ఎక్కేది?" అని అడిగా ఒకసారి.

"నా చెయ్యి పడిన బండి పాపా. ఈడ కూసోని చప్పుడు వింటా ఉంటే ఇంకా భయం" అన్నాడు.

ఆ చప్పుడు వింటూ కూర్చోవడం మా ఆయన బండి పరీక్షకు పోయిన మధ్యాహ్నం నా వంతయింది.

అన్నా మా ఆయనా బండి మీద కనుమ కిందికి దిగారు. కాసేపటికి పైకి వస్తున్న చప్పుడు మలుపు మలుపుకీ పెద్దదైంది.

ఆగిపోయింది.

ప్లగ్ చూస్తున్నారు అనుకున్నా.

చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నా. ఏరడం అయిపోయింది. చప్పుడు లేదు. పొయ్యి మీద కాఫీకి పెట్టిన నీళ్ళు మరిగి సగమయ్యాయి.

చప్పుడు లేదు.

చెప్పులు కూడా లేకుండా పరిగెత్తా. ఎదురుగా లారీ వస్తే డ్రైవర్ ముఖం వైపు చూడలేదు. అతను ఏదైనా చూసి ఉంటాడని, చెప్తాడని భయం. తాళిబొట్టు పిడికిట్లో పట్టుకుని ఉన్నానని తర్వాత తెలిసింది.

మలుపు తిరిగితే ఇద్దరూ బండి తోసుకుంటూ వస్తున్నారు. మా ఆయన మోచేయి చెక్కుకుపోయింది. అన్న ముఖంలో రక్తం చుక్క లేదు.

పెట్రోలు కూపన్ల మీద ఇచ్చే రోజులవి. అన్న పెట్టిన సెట్టింగ్‌తో బండి పెట్రోలు తాగేస్తుందని మా ఆయన ఎవరికీ చెప్పకుండా నీడిల్ మళ్ళీ కిందికి దించేశాడు. పైకెక్కుతుంటే ఇంజన్ వేడెక్కి పిస్టన్ కదలకుండా పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి లోయ వైపు జారింది. మా ఆయనకు చేతులు ఆడలేదు. అన్న వెనక నుంచి వంగి, ఆయన వేళ్ళతో సహా క్లచ్ నొక్కేశాడు. చక్రం వదిలింది. అంచున పాతిన రాయికి తగిలి బండి ఆగింది.

"చప్పుడు పల్చబడినప్పుడే భయమేసింది. అప్పుడే చెయ్యి ముందుకు పెట్టుకున్యా" అన్నాడు అన్న.

మా ఆయన్ని ఒక్క మాట తిట్టలేదు. షెడ్డుకొచ్చాక కాఫీ గ్లాసు కింద పెట్టేసి, గోడకు ఆనుకుని ఏడ్చాడు.

"పాపకు నేనేం చెప్పాల బావా. ఏం చెప్పాల" అని అదే మాట.

మా ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఇది చదువుతున్న పిల్లలూ మనవలూ, మీరంతా ఆ మధ్యాహ్నం తర్వాత పుట్టినవాళ్ళే.

పోయిన వారం అన్న వీడియో కాల్ చేశాడు. దిండు మీద ముఖం చిన్నదైపోయింది.

"పాపా, భయంగా ఉండాది" అన్నాడు.

ఈ మోకాళ్ళతో తిరుపతి నుంచి బయల్దేరి పోలేను.

"ఏం మాట్లాడొద్దులే. ఫోన్ మాత్రం పెట్టేయొద్దు" అన్నాడు.

పెట్టలేదు. ఆయన నిద్రపోయాడు. ఛార్జింగ్ అయిపోయేదాకా ఊపిరి వింటూ కూర్చున్నా.

నీ చెయ్యి పడిన బండ్లన్నీ ఇల్లు చేరినాయి అన్నా. ఇంక భయపడొద్దు, నిమ్మళంగా పండుకో.